ఎత్తెక్కే కారులో గలగలలు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పల్లెలలో ఒక సామెత ఉన్నది. ఎడ్లబండికి ఉన్నది ఒక ఇరుసు, రెండు చక్రాలు. కాబట్టి ఆ సంగీతం ఎక్కడ పుడుతున్నదో కనిపెట్టడానికి శాస్త్రజ్ఞానంతో పని లేదు. ఇంత ఆముదం ఉంటే చాలు. ఈ దేశం వచ్చిన తరువాత మనకు బండి స్థానంలో కారు వచ్చింది. కారులో కదిలే భాగాలు వందలకొద్దీ ఉంటాయి. ఇంటి ముందు నిలబెట్టి ఇంజను తిప్పితే ఉలుకూ పలుకూ లేకుండా ఉండే కారు, ఫ్రీవే మీదకు ఎక్కబోతూ యాక్సిలరేటరు నొక్కేసరికి ఎక్కడి నుంచో గలగలమంటుంది. కాలు తీస్తే ఆ చప్పుడు మాయమవుతుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకొనిపోతే అక్కడ అసలు పలకనే పలకదు.

ఈ చప్పుళ్ళలో చాలావరకు ఇనుముకు సంబంధించినవి. ఒక్కటి మాత్రం రసాయనశాస్త్రానికి సంబంధించినది. ఎత్తు ఎక్కేటప్పుడు రేకు డబ్బాలో గవ్వలు పోసి ఆడించినట్లు వినిపించే ఆ మోతను ఇక్కడివారు నాకింగ్ అనీ, పింగింగ్ అనీ అంటారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా దాని సంగతి చెప్పి, దానిని పోలిన తక్కిన చప్పుళ్ళ నుంచి దానిని ఎలా వేరుచేసి గుర్తించాలో, దేనికి ఏది చికిత్సో వివరిస్తాను. నా వృత్తి రసాయనశాస్త్రం కనుక ఈ పక్షపాతాన్ని పాఠకులు మన్నించాలి.

యాక్సిలరేటరు నొక్కినప్పుడే ఈ చప్పుళ్ళు ఎందుకు బయటపడతాయి? పెట్రోలు ఇంజనులో మనం యాక్సిలరేటరు నొక్కడమంటే పెట్రోలు పోయడం కాదు, గాలి లోపలికి పోయే తలుపును తెరవడం. (ఇక్కడివారు గేసు అనేది మన పెట్రోలే, వాయువు కాదు.) లోపలికి వచ్చిన గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలును చిమ్మే పని కంప్యూటరుది. గాలి ఎక్కువైతే సిలిండరులో పీడనం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇంజను తాను కూర్చున్న రబ్బరు దిమ్మల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. ఇరుసులు మెలిపడతాయి. పొగగొట్టంలో ఒత్తిడి హెచ్చుతుంది. అంతవరకు వదులుగా ఉండి కూడా మౌనంగా ఉన్న ప్రతి భాగమూ ఆ బరువు పడగానే నోరు విప్పుతుంది.

కాబట్టి మోత విన్నప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసినది, అది దేనితో పాటు మారుతున్నది అన్నది. కారును పార్కులో ఉంచి, చేతి బ్రేకు వేసి, ఇంజను వేగాన్ని మెల్లగా పెంచి చూడండి. చప్పుడు అప్పుడు కూడా వస్తే అది ఇంజనుకో, దాని ముందున్న బెల్టుకో, పొగగొట్టానికో చెందినది. చక్రాలకు సంబంధం లేదు. నిలబడి ఉండగా రాకుండా, రోడ్డు మీద వేగంతో పాటు పెరుగుతూ, కాలు తీసినా పోకుండా హోరుమంటుంటే అది చక్రానిదో, టైరుదో. వేగంతో నిమిత్తం లేకుండా ఇంజను మీద బరువు పడినప్పుడే వచ్చి, కాలు కొంచెం సడలించగానే టక్కున ఆగిపోతే, ఇక్కడే మన గలగలను అనుమానించాలి. ఎండ తీవ్రంగా ఉండి, ఏర్ కండిషనరు నడుస్తూ, కారు నిండా మనుషులు కూర్చుని, పై గేరులో తక్కువ వేగంతో కొండ ఎక్కుతున్న సమయం దానికి శుభముహూర్తం.

ఇంతకూ సిలిండరులో ఏమి జరుగుతుంది? గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టను పైకి వస్తూ సుమారు పదో వంతుకు అదుముతుంది. పిస్టను పూర్తిగా పైకి చేరకముందే స్పార్క్ ప్లగ్గు ఒక నిప్పురవ్వను పుట్టిస్తుంది. అక్కడ అంటుకున్న మంట ఒక బంతి వలె పెరుగుతూ సెకండుకు పది, ఇరవై మీటర్ల వేగంతో సిలిండరు గోడల వైపు పాకుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ ఉంటే ఈ పని అంతా నాలుగు మిల్లీసెకండ్లలో ముగుస్తుంది. ఇది పేలుడు అని చాలామంది అనుకుంటారు. కాదు, ఎండుగడ్డి మైదానంలో ఒక కొస నుంచి రెండవ కొసకు మంట పాకిపోవడం వంటిది ఇది. పిస్టను మీద ఒత్తిడి త్వరగానే అయినా క్రమంగా పెరుగుతుంది.

మంట ఇంకా చేరని మూలలో మిగిలి ఉన్న మిశ్రమం గతి ఏమిటి? దానిని ఒక పక్క పిస్టను అదుముతున్నది. మరొక పక్క మండి వ్యాకోచించిన వాయువు అదుముతున్నది. దాని ఉష్ణోగ్రత ఆరేడు వందల డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుతుంది. మంట వచ్చి అంటించేవరకు అది ఓపిక పట్టగలిగితే ఇబ్బంది లేదు. పట్టలేకపోతే ఆ మూలలోని మిశ్రమమంతా ఒక్క క్షణంలో దానంతట అదే అంటుకుంటుంది. దీనిని స్వయంజ్వలనం అనవచ్చును. అప్పుడు పుట్టిన పీడన తరంగం సిలిండరు గోడ నుంచి గోడకు తగిలి తిరుగుతుంది. సామాన్యమైన కారు సిలిండరు వ్యాసానికి ఈ కంపనాల పౌనఃపున్యం సెకండుకు ఆరేడు వేలు. మనం వినే గలగల ఇదే. ఇనుము ఇనుముకు తగలడం వల్ల వచ్చినట్లు వినిపిస్తుంది గాని, అక్కడ తగులుతున్నది వాయువు.

చప్పుడు చెవికి బాధ కలిగించడంతో ఊరుకుంటే దీని గురించి ఇంత చెప్పనక్కరలేదు. పిస్టను ఉపరితలాన్ని అంటుకొని ఒక పలుచని వాయువు పొర ఉంటుంది. మండే వాయువుల వేడి నుంచి అల్యూమినియమును కాపాడే కవచం అదే. ఈ తరంగాలు ఆ కవచాన్ని చెరిపివేస్తాయి. ఎప్పుడో కొండ ఎక్కుతూ రెండు క్షణాలు గలగలమంటే ప్రమాదం లేదు. గంటల తరబడి సాగితే పిస్టను అంచు కరగడం, రింగులను పట్టి ఉంచే గట్లు విరగడం ఖాయం. ఆ తరువాత ఇంజను మార్చడం తప్ప గతి లేదు.

కొన్ని పెట్రోళ్ళు ఎందుకు ఓపిక పడతాయి, కొన్ని ఎందుకు పట్టవు? పెట్రోలు ఒక్క పదార్థం కాదు. వందలకొద్దీ ఉదకర్బనాల మిశ్రమం. వీటిలో హెప్టేను అనే అణువును తీసుకుందాం. ఇందులో ఏడు కర్బన పరమాణువులు దారానికి గుచ్చిన పూసల వలె వరుసగా ఉంటాయి. ఐసో ఆక్టేనులో ఎనిమిది కర్బనాలు ఉన్నా అవి పొట్టి మొక్కకు గుబురుగా కొమ్మలు వేసినట్లు ఉంటాయి. మామూలు వాతావరణ పీడనంలో హెప్టేను ఆవిరి సుమారు 210 డిగ్రీల వద్ద తనంత తానే అంటుకుంటుంది. ఐసో ఆక్టేనుకు 410 డిగ్రీల దాకా కావాలి. ఉన్న మూలకాలు రెండింటిలోనూ అవే, కర్బనం, ఉదజని. తేడా అంతా అమరికలో ఉన్నది.

వేడెక్కిన ఉదకర్బనం నుంచి ఒక ఉదజని పరమాణువు ఊడిపోతే మిగిలినది ఫ్రీ రాడికల్. అంటే ఒంటి ఎలక్ట్రానుతో జత కోసం వెదుకులాడే అణుశకలం. అది వెంటనే ఒక ఆమ్లజని అణువును పట్టుకుంటుంది. అలా తగిలించుకున్న ఆమ్లజని కొస వెనుకకు వంగి, పాము తన తోకను తానే కరిచినట్లు, తన గొలుసులోనే మరొక చోట ఉన్న ఉదజనిని లాక్కుంటుంది. ఆ తరువాత ఇంకొక ఆమ్లజని వచ్చి చేరుతుంది. చివరకు ఆ అణువు ముక్కలై, ఒక రాడికల్ ఉన్నచోట రెండు మూడు పుట్టుకొస్తాయి. అవి మరికొన్నిటిని పుట్టిస్తాయి. ఇటువంటి శృంఖల చర్యలను విశదీకరించినందుకే రష్యాకు చెందిన సెమెనోవ్‌కు, ఇంగ్లండుకు చెందిన హిన్షెల్‌వుడ్‌కు 1956లో నోబెల్ బహుమానం వచ్చింది. గొలుసు మధ్యలో ఉన్న కర్బనం నుంచి ఉదజనిని లాగడం తేలిక. కొమ్మ చివర ఉన్న కర్బనం నుంచి లాగడం కష్టం. హెప్టేనులో ఉన్న 16 ఉదజనులలో 10 మధ్య కర్బనాల మీద ఉన్నాయి. ఐసో ఆక్టేనులో 18కి 15 కొమ్మల చివరనే ఉన్నాయి. దాని ఓపిక రహస్యం అది.

1926లో గ్రాహం ఎడ్గార్ అనే రసాయనజ్ఞుడు ఈ రెండింటినీ కొలబద్దగా పెట్టాడు. హెప్టేనుకు సున్న, ఐసో ఆక్టేనుకు నూరు. 87 అని రాసి ఉన్న పంపు నుంచి వచ్చే పెట్రోలులో 87 శాతం ఆక్టేను ఉన్నదని అర్థం కాదు. 87 పాళ్ళు ఐసో ఆక్టేను, 13 పాళ్ళు హెప్టేను కలిపిన మిశ్రమం పరీక్షాయంత్రంలో ఎంత ఓపిక చూపుతుందో, ఈ పెట్రోలు కూడా అంతే చూపుతుందని అర్థం. తమాషా ఏమిటంటే కొమ్మలు లేని అసలు ఆక్టేనుకు ఈ కొలబద్ద మీద సున్న కంటే తక్కువ వస్తుంది. పేరు దానిది, పరువు దాని దాయాదిది!

ఇండియా నుంచి వచ్చిన బంధువులు పంపు దగ్గర తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: “మా దగ్గర మామూలు పెట్రోలే 91 కదా, అమెరికాలో 87 ఏమిటి?” పరీక్ష రెండు విధాలుగా చేస్తారు. ఒకటి సౌమ్యమైనది, రెండవది కఠినమైనది. ఇండియాలో సౌమ్యమైన పరీక్షలో వచ్చిన అంకెను చూపుతారు. ఇక్కడ రెండింటి సగటును చూపుతారు. రెండు పరీక్షలకు మధ్య ఎనిమిది, పది అంకెల తేడా ఉంటుంది గనుక అక్కడి 91, ఇక్కడి 87 ఇంచుమించు ఒకటే. ఎత్తైన కొలరాడో వంటి రాష్ట్రాలలో 85 కూడా అమ్ముతారు. గాలి పలుచగా ఉన్నచోట పాత కార్బ్యురేటరు ఇంజనులకు అది సరిపోయేది. ఈనాటి కార్లకు మాత్రం తయారీదారు చెప్పిన అంకె కంటే తక్కువ పోయకపోవడమే మంచిది.

ఈ గలగలను అణచడానికి మానవుడు చేసిన మొదటి గొప్ప ప్రయత్నం కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో థామస్ మిడ్జ్‌లీ అనే యువకుడు 1916లో ఈ పనికి పూనుకున్నాడు. చదివినది మెకానికల్ ఇంజనీరింగు. పెట్రోలుకు ఎర్ర రంగు వేస్తే వేడిని త్వరగా పీల్చుకొని చక్కగా ఆవిరి అవుతుందనీ, గలగల ఆగుతుందనీ అతడికీ, అతడి పై అధికారి కెటరింగ్‌కూ ఒక ఊహ పుట్టింది. ఎర్ర రంగు చేతికి అందక అయొడిను కలిపారు. గలగల ఆగింది! తరువాత అసలైన ఎర్ర రంగులు తెప్పించి కలిపితే ఏ ప్రయోజనమూ కనబడలేదు. ఊహ తప్పు, ఫలితం ఒప్పు. ఇంధనంలో స్వల్పంగా కలిపిన ఒక రసాయనం మంట స్వభావాన్ని మార్చగలదని మాత్రం తేలింది. ఆ దారినే ఎన్నో పదార్థాలను పరీక్షిస్తూ పోగా 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ దొరికింది. అంటే సీసపు పరమాణువుకు నాలుగు పక్కలా ఇథైల్ తోకలు తగిలించిన ద్రవం. సిలిండరు వేడికి అది విచ్ఛిన్నమై అతి సన్నని సీసపు ఆక్సైడు రేణువులుగా మారుతుంది. పైన చెప్పిన రాడికల్స్‌ను ఆ రేణువులు మింగి శృంఖలాన్ని తెంపుతాయి.

రసాయనంగా ఇంత చక్కని పరిష్కారం అరుదు. కాని ఆ సీసం పొగగొట్టం నుంచి ఎక్కడికి పోతుంది? 1924 అక్టోబరులో న్యూ జెర్సీలోని ఒక కర్మాగారంలో ఈ ద్రవాన్ని తయారుచేస్తున్న కార్మికులు ఐదుగురు మతి చలించి మరణించారు. మిడ్జ్‌లీకే అంతకుముందు సీసపు విషం సోకింది. 1925లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన సమావేశంలో హార్వర్డుకు చెందిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ దీనిని వాడవద్దని వాదించింది. ఆమె మాట చెల్లలేదు. 1970ల ఆరంభం నాటికి ఈ దేశంలో గేలను పెట్రోలులో రెండు గ్రాములకు పైగా సీసం ఉండేది. మోటార్ల మోత తగ్గడానికి పిల్లల మెదళ్ళు మూల్యం చెల్లించాయి. 1975 నుంచి కార్లకు కేటలిటిక్ కన్వర్టరు వచ్చింది. అందులోని ప్లాటినమును సీసం పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు అమ్మక తప్పలేదు. అమెరికనుల రక్తంలో డెసిలీటరుకు సగటున 12.8 మైక్రోగ్రాములు ఉన్న సీసం, 1976–80 నుంచి 1988–91 నాటికి 2.8కి దిగింది. రోడ్డు మీద తిరిగే వాహనాలకు ఇక్కడ 1996లో పూర్తిగా నిషేధించారు. ఇండియాలో 2000 సంవత్సరం ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. కాబట్టి హైదరాబాదులోనో, విజయవాడలోనో ఆటోల మధ్య బడికి నడిచి పెరిగిన నా తరం వారందరి ఎముకలలోను మిడ్జ్‌లీ సీసం కొంత ఉన్నట్లే. చిట్టచివర 2021లో అల్జీరియా మానుకోవడంతో కార్లకు సీసపు పెట్రోలు ప్రపంచంలో అంతరించింది.

దాని స్థానంలో వచ్చిన ఎం.టి.బి.ఇ. అనే పదార్థం భూగర్భజలంలోకి దిగి మంచినీళ్ళకు దుర్వాసన తెచ్చింది. కాలిఫోర్నియా 2004 నుంచి దానిని నిషేధించింది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ఇథైల్ ఆల్కహాలు చేస్తున్నది. ఇక్కడి పంపులలో పదో వంతు అదే. దాని ఓపిక ఎక్కువే గాని శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆక్టేను అంకె శక్తికి కొలత కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఈనాటి కార్లలో ఇంజను దిమ్మకు ఒక చెవి ఉంటుంది. కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పింగాణీ బిళ్ళ అది. సెకండుకు ఆరేడు వేల కంపనాలు వినబడగానే కంప్యూటరు నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేస్తుంది. గలగల మనకు వినబడకముందే ఆగుతుంది. ఇందువల్ల రెండు విషయాలు తెలుస్తున్నాయి. మామూలు పెట్రోలు చాలునని పుస్తకంలో రాసి ఉన్న కారుకు ఖరీదైన పెట్రోలు పోయడం దండుగ. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో పరీక్షించి ఇదే తేల్చింది. రెండవది, ఇంత కాపలా ఉండి కూడా మన చెవికి గలగల వినబడిందంటే కంప్యూటరు చేతిలో ఉన్న దిద్దుబాటు అంతా అయిపోయిందన్నమాట. దానిని తేలికగా తీసుకోకూడదు.

అప్పుడు ఏమి చెయ్యాలి? ఖర్చు లేనిది ముందు చూడాలి. పుస్తకం ఖరీదైన పెట్రోలే పోయమంటున్నదేమో చూసి, ఒక ట్యాంకు అది పోసి నడపండి. గలగల పోతే కారణం సగం దొరికినట్లే. ఇంజను నీళ్ళు తక్కువైనా, థర్మోస్టాటు ఇరుక్కున్నా సిలిండరు మితిమీరి వేడెక్కుతుంది. ఇంజను చల్లబడిన తరువాత ఆ మట్టం చూడాలి. వేడిగా ఉండగా రేడియేటరు మూత విప్పడం ప్రాణాంతకం. తరువాత అనుమానించవలసినది గాలికి తగినంత పెట్రోలు అందకపోవడం. గాలిని కొలిచే తీగ మీద ధూళి చేరినా, పెట్రోలు పంపు బలహీనమైనా ఇలా జరుగుతుంది. 1996 నుంచి ఇక్కడ అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. ఇరవై, ముప్ఫై డాలర్ల పరికరాన్ని దానికి తగిలిస్తే కంప్యూటరు మనసులోని మాట చెబుతుంది. పీ0171 అని వస్తే పెట్రోలు పాలు తక్కువైనదని. పీ0401 అయితే పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండరులోకి పంపి మంటను చల్లబరచే వాల్వు మూసుకుపోయిందని. పీ0325 వస్తే పైన చెప్పిన చెవికే చెముడు వచ్చిందని.

ఏ కోడూ రాకపోయినా, లక్ష మైళ్ళు నడిచిన కారులో పిస్టను తల మీద మసి పేరుకొని ఉండవచ్చును. మసి రెండు విధాల చెరుపు చేస్తుంది: చోటు ఆక్రమించి మిశ్రమాన్ని మరింత అదుముతుంది, నిప్పు కణికలా ఎర్రబడి వేళ కాని వేళ అంటిస్తుంది. దుకాణాలలో ఇంజను శుభ్రపరచే సీసాలు ఎన్నో అమ్ముతారు. నా అభిప్రాయంలో పాలీ ఈథర్ ఎమీను ఉన్నదని సీసా మీద రాసినది మాత్రమే కొనదగినది. కిరసనాయిలు వంటి ద్రావకాలు ఇటువంటి గట్టి మసిని ముట్టుకోవు.

టర్బో ఉన్న చిన్న ఇంజనులలో మరొక కొత్త రకం చప్పుడు బయలుదేరింది. తక్కువ వేగంలో కాలు గట్టిగా అదిమితే ఒక్క పెద్ద దెబ్బ కొట్టినట్లు వినిపిస్తుంది. కొన్ని ఇంజనులలో పిస్టను ఆ దెబ్బకే పగిలింది. దీనికి కారణం పెట్రోలు కంటే ఇంజను ఆయిలు. అందులో మడ్డి పట్టకుండా కలిపే కాల్షియం లవణాలు ఆయిలు బిందువులను నిప్పురవ్వ కంటే ముందే అంటిస్తున్నాయని తేలింది. కాల్షియంలో కొంత తీసి మెగ్నీషియం వేస్తే తగ్గింది. 2018లో ఎస్.ఎన్. ప్లస్, 2020లో ఎస్.పి. అనే తరగతుల ఆయిళ్ళు వచ్చినది ఇందుకే. టర్బో కారు ఉన్నవారు డబ్బా మీద ఈ అక్షరాలు చూసి కొనాలి.

ఇక గలగల వలె వినిపించి మోసం చేసేవాటి సంగతి. పొగగొట్టం వేడి పైకి తగలకుండా పలుచని రేకులు బిగిస్తారు. మంచు దేశాలలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు వాటి మరలు తుప్పుపడతాయి. ఇంజను ఒకానొక వేగం చేరినప్పుడు ఆ రేకు అచ్చంగా గలగలమంటుంది. మాకు తెలిసిన దంపతులకు ఒక మరమ్మతు దుకాణంవారు కన్వర్టరు మొత్తం మార్చాలనీ, పద్ధెనిమిది వందల డాలర్లవుతుందనీ చెప్పారు. మరొక చోట కారు పైకెత్తి, ఆ రేకుకు రెండు ఇనుప పట్టీలు బిగించి ముప్ఫై డాలర్లు పుచ్చుకున్నారు. గుర్తు తేలికే: పొగగొట్టం పూర్తిగా చల్లారిన తరువాత రబ్బరు సుత్తితో తట్టితే రేకు పలుకుతుంది. సిలిండరులోని గలగలకు అలా తట్టి పలికించే వీలు లేదు.

ఉదయం చల్లటి ఇంజనుతో బయలుదేరి కాలు నొక్కగానే టిక్ టిక్ టిక్ అని వేగంగా మొదలై, పది నిమిషాలలో తగ్గిపోతే ఇంజనుకు, పొగగొట్టానికి మధ్య ఉన్న అతుకులో సందు పడి ఉంటుంది. లోహం వేడెక్కి వ్యాకోచిస్తే సందు పూడుతుంది. అందుకే మెకానిక్కు చూసే వేళకు చప్పుడు ఉండదు. రాత్రంతా కారును అతడి దగ్గరే ఉంచి తెల్లవారి వినమనాలి. దీనిని వాయిదా వెయ్యకూడదు. ఆ సందు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబినును అది ఆమ్లజని కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. శీతకాలం అద్దాలు మూసుకొని ప్రయాణం చేసినప్పుడు తలనొప్పి, వికారం కలిగి, దిగగానే తగ్గుతుంటే ఆ కారును మరమ్మతు అయ్యేవరకు ఎక్కవద్దు.

అడుగు నుంచి గంభీరంగా, రోకటిపోటు వలె దబ్ దబ్ మంటూ ఇంజను వేగంతో పాటు పెరిగితే అది క్రాంకు దగ్గర బేరింగు అరిగిన చప్పుడు. వెంటనే రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపి, ఆయిలు చూడాలి. అక్కడి నుంచి కారు ట్రక్కు మీదే ఇంటికి రావాలి.

తక్కినవాటిని వేగంగా చెప్పవచ్చును. కాలు నొక్కగానే కీచుమంటే బెల్టు. గీతలున్న వైపు కొద్దిగా నీళ్ళు చిలకరించినప్పుడు కీచు ఆగి మళ్ళీ వస్తే కప్పీల వరుస తప్పింది. మరింత హెచ్చితే బిగువు తగ్గింది. తిరుగుతున్న బెల్టు దగ్గరకు చీర చెంగు, కండువా, మెడలో గొలుసు రానివ్వకండి. గేరు డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడూ, బయలుదేరేటప్పుడూ ధబ్బున ఒక్క దెబ్బ వినిపిస్తే ఇంజను కింది రబ్బరు దిమ్మ చినిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పి కాలు నొక్కితే టకటకమని, తిన్నగా పోతే రాకపోతే ఇరుసు చివరి జాయింటు అరిగింది. చక్రం వెనుక రబ్బరు తొడుగు చినిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. తొడుగు చినిగినప్పుడే మారిస్తే చవక. టర్బో కారు బుస్సుమని, లాగకపోతే గాలి గొట్టం ఊడింది.

విద్యుత్తు కారుకు మంట లేదు కాబట్టి మన గలగల లేదు. కాని మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం చూపుతుంది గనుక ఇరుసులకు, జాయింట్లకు పని ఎక్కువ. టకటక, ధబ్బు దానికి కూడా తప్పవు.

మెకానిక్కు దగ్గరకు వెళ్ళేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఇంజను చల్లగా ఉన్నదా, వేడిగా ఉన్నదా, ఎంత వేగంలో వచ్చింది, చదునా, ఎత్తా, కాలు తీస్తే ఆగిందా. మన భాషలో గలగల, టకటక, కీచు, బుస్సు, దబ్ దబ్ అని ఇన్ని మాటలున్నాయి. వాటిని అక్కడ నోటితో అభినయించి వినిపించడానికి మొహమాటపడనక్కరలేదు. అనుభవం ఉన్న మెకానిక్కులు తామే అలా అడుగుతారు. వీలైతే అతడిని పక్కన కూర్చోబెట్టుకొని, చప్పుడు వచ్చే ఎత్తు మీదకే కారు నడపండి. బిల్లు రాయకముందు ఏ భాగం ఎందుకు మార్చుతున్నారో, తీసిన పాత భాగాన్ని చూపగలరో లేదో అడగండి.